సల్వా ఒడ్డున నీటికుక్క

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు, భయమూ లేదు. రాయచోటి దగ్గర మా అత్తగారి ఊర్లో మా ఆడబిడ్డకు గాలి సోకిందని వేపమండలు తెచ్చినప్పుడు, ముందు ఆ పిల్లకు ఇంత అన్నం పెట్టండని అందరితో గొడవ పడినదాన్ని నేను. మూడు పూటలు కడుపునిండా తిన్నాక ఆ గాలి దానంతటదే పోయింది. తర్వాత అంగన్‌వాడీలో పనిచేసిన ఆరేళ్లలో ఇలాంటివి చాలా చూశాను. వెతికితే ప్రతిదానికీ ఏదో ఒక కారణం దొరికేది.

ఈ ఒక్కదానికి మాత్రం దొరకలేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

కువైట్‌కు వచ్చి పదకొండేళ్లయింది. మొదటి నుంచీ సల్వాలో ఒకే ఇల్లు. ఇక్కడ ఇంటి యజమానురాలిని మామా అంటాం, అమ్మ అని అర్థం. మా మామాకు డెబ్బై ఆరేళ్లు. ముప్ఫై ఏళ్లు బడిలో జీవశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. భర్త పోయాడు. ఒక్కతే కూతురు, హనాన్ మేడం, ఇక్కడే ఎగైలా అనే పేటలో తన భర్తా పిల్లలతో ఉంటుంది. సల్వా ఇంట్లో ఉండేది మామా, నేను, వంట చేసే రహమత్‌బీ అక్క. అక్కదీ రాయచోటే. నా పేరు ఈశ్వరమ్మ. మామాకు నోరు తిరగక మొదటి రోజే ఇష్వా అని మార్చేసింది.

మామాకు పిట్టలంటే ప్రాణం. తెల్లవారి నమాజ్ అయిపోగానే చేతికర్ర పట్టుకుని, మెడలో బైనాక్యులర్స్ వేసుకుని తలుపు దగ్గర నిలబడేది. రోడ్డు దాటితే సముద్రం. అక్కడ రాళ్లు పేర్చి కట్టిన గట్టు పక్కన మడత కుర్చీ వేస్తే, ఎండ ఎక్కేదాకా కదిలేది కాదు. మొదట్లో నా కంటికి అన్నీ కొంగలే. రెండు మూడేళ్లకు, రాళ్ల మీద నల్లగా ఒంటికాలి మీద నిలబడేదేదో, తడి ఇసుకలో ముక్కు గుచ్చుకుంటూ పరుగెత్తేదేదో నేనే ఆమెకు చూపించే స్థితికి వచ్చాను. నేను ముందుగా ఏ పిట్టనైనా కనిపెడితే, బడిపిల్లకు ఇచ్చినట్టు నా చేతిలో ఒక ఖర్జూరం పెట్టేది.

ఆమెకు జీవితంలో ఒక్క కొరత ఉండేది. వయసులో ఉన్నప్పుడు భర్త చదువు కోసం వాళ్లు స్కాట్లాండ్‌లో ఉన్నారట. ఒకసారి సెలవులకు అక్కడి ఒక దీవికి వెళ్తే, తెల్లవారుజామున ఒడ్డున భర్తకు నీటికుక్క కనిపించింది. ఆయన చెయ్యి ఊపితే ఈమె ఆత్రంగా లేచింది. కాలికింద రాయి దొర్లింది. అంతే, అది నీళ్లలోకి పోయింది. ఆయన చూశాడు, ఈమె చూడలేదు. ఆ సంగతి నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. ఫోన్‌లో బొమ్మ చూపించింది కూడా. ముంగిసను నాలుగింతలు పెంచి నీళ్లలో ముంచి తీసినట్టుంది. అరబ్బీలో దాన్ని కల్బ్ అల్ మాయ్ అంటుంది మామా, నీళ్ల కుక్క అని. తెలుగులోనూ నీటికుక్కేనని తర్వాత తెలిసింది. మా వైపు నేనెప్పుడూ దాన్ని చూసి ఎరగను.

రెండేళ్ల కింద జూన్‌లో హనాన్ మేడం వాళ్లు మామాను అదే దీవికి తీసుకుపోయారు. నన్నూ తీసుకుపోవాలనుకున్నారు గానీ నాకు వీసా రాలేదు. సెలవు మీద ఊరికి పోయినప్పుడు తప్ప మామాను ఒక్క రోజు కూడా వదిలి ఉన్నదాన్ని కాదు. బట్టలు సర్దుతూ ఉంటే నాకు దిగులుగా ఉండింది. ఆమెకు తెలిసిపోయింది. “పొద్దున్నే వెళ్లడం మానొద్దు. నువ్విక్కడ చూడు, నేనక్కడ చూస్తా” అంది.

అలాగే చేశాం. నేను రోజూ గట్టు దగ్గరికి పోయి, కనిపించిన పిట్టల గురించి వాయిస్ మెసేజ్ పెట్టేదాన్ని. మామా అక్కడి నుంచి పెట్టేది. ఎర్ర ముక్కుతో నల్లా తెల్లా కలిసిన పిట్టలు ఒడ్డంతా ఈలలు వేస్తున్నాయని, నీటికాకి రాయి మీద రెక్కలు ఆరబెట్టుకుంటోందని, సీల్ అనే జంతువులు నీళ్లలోంచి తలలు పైకి పెట్టి మనుషుల్లా చూస్తున్నాయని చెప్పేది. వెనక గాలి హోరు వినిపించేది. ప్రతి మెసేజ్ చివరా ఒకటే మాట, కల్బ్ అల్ మాయ్ ఇంకా రాలేదు. వచ్చే ఆదివారం వాళ్ల తిరుగు ప్రయాణం.

శుక్రవారం నాకు లేవడం ఆలస్యమైంది. గట్టు దగ్గరికి చేరేసరికి ఆరు దాటింది. జూన్‌లో ఇక్కడ ఆ వేళకే ఎండ వీపు కాలుస్తుంది. గాలి లేదు, సముద్రం నూనెలా కదలకుండా ఉంది. కొంచెం దూరంలో ఒడ్డు ఊడ్చే బంగ్లాదేశ్ అతను తప్ప ఎవరూ లేరు. ఒక కొంగ, నాలుగు సముద్రపు కాకులు. వాటిని ఫోటో తీసుకుని ఇంటికి పోదామనుకున్నాను.

అప్పుడు రాళ్ల నడుమ నీళ్లు చీలి, గోధుమరంగు జంతువొకటి పైకెక్కింది. మొదట కుక్కపిల్ల అనుకున్నాను. అది నా నుంచి పది అడుగుల దూరంలో కూర్చుని, ముందరి కాళ్లతో పీతను పట్టుకుని కొరకసాగింది. పెంకు విరుగుతున్న చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. లావైన తోక, చివరికి సన్నబడింది. పెద్ద మీసాలు. పై పెదవి ఎడమవైపు చీలి, లోపలి ఎరుపు కనిపిస్తోంది. అది నీటికుక్క. మామా ఫోన్‌లో అన్నిసార్లు చూశాను, నాకు అనుమానం రాలేదు.

ఫోన్ ఎత్తి ఒక ఫోటో తీశాను. అది పారిపోతుందేమోనని గొంతుకూర్చున్నాను. “కదలాకు తల్లీ, కదలాకు. ఈడ్నే కూచో” అన్నాను, పిల్లల్ని జోకొట్టినట్టు మెల్లగా.

అలా అంటూ ఉండగా నాకు చలి పుట్టింది. కాలికింద రాయి వేడిగానే ఉంది, చేతులు మాత్రం మంచులో పెట్టినట్టయ్యాయి. దాంతోపాటు గుండెలో ఒక భయం మొదలైంది. అది నాకోసం పుట్టిన భయం కాదు. అంగన్‌వాడీలో ఒకసారి ఒక చంటిది నీళ్ల తొట్టి అంచు మీద కూర్చుని ఉండగా చూసినప్పుడు, అరిస్తే పడుతుందని గొంతు తగ్గించి మాట్లాడాను. అచ్చం అలాంటి భయం. ఫోటో సంగతి మరిచిపోయాను. “కదలాకు, వొస్తాండారు, కదలాకు” అంటూనే ఉన్నాను. ఎవరు వస్తున్నారని అన్నానో నాకే తెలియదు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి.

కాసేపటికి ఆ భయం దానంతటదే వదిలేసింది. నీటికుక్క రాయి మీంచి జారి నీళ్లలోకి పోయింది. ఇంకో ఫోటో తీశాను. ఊడ్చే అతను దగ్గరికొచ్చి, ఎవరితో మాట్లాడుతున్నావు బహన్ అని హిందీలో అడిగాడు. అతనికి నేను మాత్రమే కనిపించానట.

ఫోన్ చూసుకుంటే మొదటి ఫోటో ఆరు ముప్ఫై నాలుగుకు ఉంది. రెండోది ఆరు యాభై ఒకటికి. నాకు మహా అయితే రెండు మూడు నిమిషాలు గడిచినట్టుంది. రెండు ఫోటోల్లోనూ రాళ్లే ఉన్నాయి. రాయి మీద పీత పెంకు ముక్కలున్నాయి. అవి పిట్టలు తిని వదిలినవి కూడా కావచ్చు.

ఇంటికొచ్చి రహమత్‌బీ అక్కకు చెప్పాను. “పిల్లి అయ్యింటాది మే. ఎండకు కండ్లు బైర్లు కమ్మినాయి నీకు. ఇంత ఉప్పేసుకోని మజ్జిగ తాగు” అంది. నాకూ అదే నిజమనిపించింది. అయినా మనసాగక మామాకు వాయిస్ మెసేజ్ పెట్టాను. మన గట్టు దగ్గర కల్బ్ అల్ మాయ్ కనిపించింది, పై పెదవి ఎడమవైపు చిరిగి ఉంది, పీతను తింది, నవ్వొద్దు మామా అని చెప్పాను. చలి, ఏడుపు సంగతి చెప్పలేదు. నేనన్న తెలుగు మాటలూ చెప్పలేదు.

మధ్యాహ్నం హనాన్ మేడం ఫోన్ చేసింది. మామా ఆసుపత్రిలో ఉందని, మణికట్టు విరిగిందని, ప్రాణానికి భయం లేదని చెప్పింది. అక్కడ ఆ నెలలో నాలుగింటికే వెలుతురు వస్తుందట. అందరూ నిద్రలో ఉండగా మామా ఒక్కతే కర్ర పట్టుకుని ఒడ్డుకు పోయింది. ఫోన్ మంచం పక్కనే వదిలేసింది. నాచు మీద కాలు జారి రాతి అంచు మీద పడింది. దాని కింద లోతైన నీళ్లు. లేవాలని కొంచెం కదిలినా అందులోకి జారిపోయేదేనని, కుక్కతో నడకకు వచ్చి ఆమెను చూసిన స్థానికురాలు చెప్పిందట. ఆ వచ్చిన మనిషి మామాను పట్టుకునేసరికి ఐదుకు పది నిమిషాలు తక్కువ.

మేం వాళ్లకంటే రెండు గంటలు ముందు. లెక్క కడితే నేను రెండో ఫోటో తీసిన వేళే. ఫోన్ పట్టుకుని వంటగది గడప మీదే కూర్చుండిపోయాను.

పన్నెండు రోజుల తర్వాత మామా చేతికి కట్టుతో ఇంటికొచ్చింది. నన్ను చూడగానే ఎడమ చెయ్యి నా తల మీద పెట్టి చాలాసేపు తీయలేదు. ఆ సాయంత్రం గావా, అంటే ఇక్కడి కాఫీ, తాగుతూ ఆమే మొదలుపెట్టింది.

“ఇష్వా, కదలాకు అంటే ఏం మాట?”

మామాకు తెలుగు రాదు. ఇన్నేళ్లలో మేమిద్దరం మాట్లాడుకున్నది అరబ్బీలోనే. కదలొద్దు అని అర్థం, ఎక్కడ విన్నావు మామా అన్నాను.

“పడ్డాక లేవబోయాను. నీ గొంతు వినిపించింది, పక్కనే కూర్చుని చెప్పినట్టు. మాట అర్థం కాలేదు. కానీ నువ్వు అలా చెప్తే వినాలని తెలుసు. ఆగిపోయాను” అంది. అప్పుడే అది వచ్చిందట. చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా కూర్చుని, పీతను తింటూ ఆమెను చూసిందట. నొప్పి కూడా మరిచిపోయి చూస్తూ ఉన్నానంది. తర్వాత నెమ్మదిగా తన పై పెదవి ఎడమవైపు వేలు పెట్టి, “ఇక్కడ చిరిగి ఉంది” అంది.

నేను పెట్టిన మెసేజ్ విన్నావా అని అడిగాను. వినలేదంది. ఆసుపత్రి హడావుడిలో ఫోన్ ఛార్జింగ్ అయిపోయి సూట్‌కేసులోనే ఉండిపోయిందట. రహమత్‌బీ అక్క ఛార్జర్ తెచ్చింది. ఫోన్ తెరిస్తే నా మెసేజ్ అలాగే ఉంది, ఎవరూ వినలేదని చూపిస్తూ. ముగ్గురం కలిసి విన్నాం. పై పెదవి ఎడమవైపు చిరిగి ఉందని నా గొంతు చెప్పగానే మామా నా చెయ్యి పట్టుకుంది. చివర్లో నేను నవ్వొద్దు మామా అన్న చోట ఆమె నవ్వింది, కళ్ల నీళ్లతో. రహమత్‌బీ అక్క పిల్లి మాట మళ్లీ ఎత్తలేదు.

తర్వాత నేను కారణాలు వెతికాను. మామాకు గోళ్లు తీసేటప్పుడు నాకు తెలియకుండా ఎప్పుడైనా కదలాకు అన్నానేమో. అక్కా నేనూ మాట్లాడుకునేటప్పుడు ఆమె చెవిన పడిందేమో. దెబ్బ తగిలినప్పుడు మెదడు ఎప్పుడో విన్న మాటను పైకి తెస్తుందేమో. అంతవరకు ఒప్పుకోగలను. చిరిగిన పెదవి దగ్గరికొచ్చేసరికి ఆగిపోతాను. గట్టు దగ్గర పిట్టల ఫోటోలు తీసే ఒకాయనను అడిగితే, ఇరవై ఏళ్లుగా ఈ తీరం తిరుగుతున్నానని, నీటికుక్కను ఎన్నడూ చూడలేదని చెప్పాడు.

పోయిన చలికాలం రెండు నెలల సెలవు మీద మా ఊరికి పోయాను. మామాకు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందని, హనాన్ మేడం ఎగైలాకు తీసుకుపోయిందని రహమత్‌బీ అక్క ఫోన్‌లో చెప్పింది. మందు నోట పెట్టడం లేదట. నేను ఫోన్ చేస్తే నిద్రపోతోందనేవారు.

నాలుగో రోజు పొద్దున హనాన్ మేడమే ఫోన్ చేసింది. “మా అమ్మకు ఏం చెప్పావు ఇష్వా? మూడు రోజులు నా మాట వినలేదు. ఈ పొద్దున లేచి తనే మందు అడిగింది. ఇష్వా చెప్పింది, వేసుకోవాలి అంటోంది” అంది.

నేను మామాతో మాట్లాడనే లేదని చెప్పాను. ఆ రాత్రంతా నేను నిద్రలోనే ఉన్నాను. కల వచ్చిన గుర్తు కూడా లేదు. సరే, ఇంకోసారి చెప్పు, రాత్రి మందు కూడా ఉంది అంది మేడం.

ఎలా చెప్పాలో నాకు తెలియదు. అంతకు ముందు ఎలా చెప్పానో కూడా తెలియదు.