బాపు తీసిన టోపీ

మా బాపు పొద్దున ఒక మనిషి, పది దాటితే ఇంకో మనిషి. పొద్దున ఉప్పుగూడలో మా ఇంటి పక్క గుడిలో, అర్చకుడైన తన తమ్ముడికి, అంటే మా చిన్నబాపుకు, సాయం చేసేటప్పుడు ఒంటిమీద పంచె తప్ప ఇంకేమీ ఉండేది కాదు. పది కొట్టేసరికి మెడదాకా గుండీలు పెట్టిన షేర్వాణీ, ఎర్ర రూమీ టోపీ వేసుకుని అఫ్జల్‌గంజ్‌లోని ఆఫీసుకు బయలుదేరేవాడు. దేవుడి ముందు ఒళ్లు కప్పకూడదు, అధికారి ముందు ఉత్త తలతో నిలబడకూడదు. ఆయనకు రెండూ శాస్త్రమే. ఆ టోపీతోనే స్నానానికి పోతాడేమోనని అమ్మ ఎగతాళి చేసేది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఎండాకాలం. నాకు పన్నెండేళ్లు. ఒక గురువారం బాపు మధ్యాహ్నమే ఇంటికి వచ్చేశాడు. టోపీ చేతిలో ఉంది. దారిలో చాయ్ దుకాణం భాయ్ చూసి, "ఖైరియత్ హై నా, పంతులూ?" అని క్షేమం అడిగాడట. బాపు ఆగకుండా వచ్చేశాడట.

"ఏందిది, గింత జల్ది వచ్చిండ్రు?" అంది అమ్మ.

"కొత్త సాబు నా టోపీ తీయించిండు. నౌకరీ పోయినట్టే."

కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన ఆఫీసరు, నలుగురి ముందూ బాపును టోపీ తీసేయమన్నాడట. మా పట్నంలో పెద్దవాడు ఒకడి టోపీ తీయించాడంటే, వాడి పరువు తీసి బయటికి పంపినట్టే. బాపుకు తల తీసేసినట్టయింది.

"మళ్ల పెట్టుకోరాదుండ్రి," అంది అమ్మ.

"సాబు తీయించిన టోపీ నేనెట్ల పెట్టుకుంట?"

శుక్ర, శనివారాలు బాపు ఆఫీసుకు పోలేదు. అమ్మ మాకు వండిపెట్టింది కానీ తను తినలేదు. నాకైతే ఆ ఆఫీసరు మీద ఒళ్లు మండిపోయింది. ఎదురుపడితే నాలుగు మాటలు అని కడిగేద్దామనుకున్నాను.

ఆదివారం పొద్దున ఎదురుపడనే పడ్డాడు. రెండు రోజులుగా గుమస్తా రాలేదని, ఇల్లు కనుక్కుంటూ, మేమంతా గుడిలో ఉంటే అక్కడికే వచ్చాడు. సన్నటి గ్లాస్గో పంచె, సిల్కు లాల్చీ, భుజాన ఉత్తరీయం. దండం పెట్టుకుంటూ నేరుగా గర్భగుడి ముందు మండపం గడప దగ్గరికి వచ్చేశాడు. మగవాళ్లు పైబట్టతో ఆ గడప దాటడం మా గుడిలో లేదు. చిన్నబాపు హారతి పళ్లెం పట్టుకుని బాపు వైపు చూశాడు. బాపు నేల వైపు చూశాడు. అమ్మ వెనక నుంచి, "చెప్పుండ్రి," అని గొణిగింది.

"సార్, జర... అంగి తీయాలె."

ఆయన చటుక్కున ఉత్తరీయం తీసి, లాల్చీ విప్పేశాడు. లోపల బనియను భుజం దగ్గర చిరిగి ఉంది. అదీ విప్పి చంకలో పెట్టుకుని నవ్వాడు.

"మా ఊరి గుళ్లో లాల్చీ మీదే ఉత్తరీయం నడుముకి కట్టుకుంటే సరిపోతుందండీ. అయినా ఈ ముక్క చెప్పడానికి అంత మొహమాటం దేనికండీ?"

"మీరు నన్ను టోపీ తీయమన్ననాడు నాకెట్లయిందో, మీకు గట్లనే అయితదని భయపడ్డ సార్."

ఆయనకు అర్థం కాలేదు. బాపు మెల్లగా చెప్పాడు, మా దగ్గర టోపీ తీయించడమంటే ఏమిటో. వింటూ వింటూ ఆయన మొహం వాడిపోయింది.

"అయ్యయ్యో. మీకు చెమటలు కారిపోతున్నాయని, కాస్త గాలి తగులుతుందని అన్నానండీ. అంతేనండీ."

బొజ్జలు బయటపెట్టుకుని ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నాకు నవ్వాగలేదు. కానీ ఆయన చేతులు జోడించాడు, దేవుడికి కాదు, బాపుకు. "పెద్దవారు. తెలియక చేశాను, క్షమించండి," అన్నాడు. ఒక ఆఫీసరు గుమస్తాకు దండం పెట్టడం నేను మొదటిసారి చూశాను. ఆయన్ని కడిగేద్దామనుకున్న మాటలు ఎటు పోయాయో తెలియదు.

బాపు ఆ చేతులు పట్టుకుని కిందికి దించి, "సోమవారం వస్త సార్," అన్నాడు.

చిన్నబాపు హారతి తిప్పాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గంట మోగుతున్నంతసేపూ ఏడ్చింది. తర్వాత ప్రసాదం పులిహోర రెండుసార్లు అడిగి పెట్టించుకుని తింది.