గున్వోర్ చెప్పిన అంకె

మా ట్రౌట్ చేపపిల్లల కేంద్రంలో నీళ్లలో ప్రాణవాయువు కొలిచే పని గున్వోర్‌ది. ఉత్త భయస్తురాలు. గడియ పెట్టి నాలుగడుగులు వేసి, పెట్టానో లేదోనని వెనక్కి వచ్చి చూసుకునే రకం. ఆమెతో కలిసి నడవాలంటే నాకు ఒళ్లు మండేది. కానీ కొలతల పనికి అలాంటి మనిషే ఉండాలి.

ఆ ఫిబ్రవరిలో వాగు గడ్డకట్టి, తొట్లలోకి వచ్చే నీళ్లు సన్నగిల్లాయి. మంచుతో దారి మూసుకుపోయింది. గాలి పంపుకు డీజిల్ ఒక్క పూటకే ఉంది.

"లీటరుకు ఐదు మిల్లీగ్రాములకన్నా తగ్గితేనే పంపు వేద్దాం," అన్నాడు యజమాని ఐలర్ట్. ఏడాదంతా పెంచిన చేపపిల్లల ప్రాణాలు గున్వోర్ చెప్పే అంకె మీదికి వచ్చాయి.

ఆమె తొట్టి నీళ్లు సీసాలో పట్టి మందులు కలిపింది. గోధుమరంగు మడ్డి దిగింది. యాసిడ్ పోస్తే అది కరిగి పలచటి టీ రంగు వచ్చింది. బ్యూరెట్ అనే గీతల గొట్టం‌లోంచి థయోసల్ఫేట్ అనే మందు చుక్కలు వదిలి, రంగు వెలిసిపోతుండగా గంజి వేసింది. నీలం తేలింది. ఇంకో చుక్క, ఇంకో చుక్క. నీలం పోయింది. మొత్తం ఆరు మిల్లీలీటర్లు పట్టింది. మా లెక్కలో పట్టిన మిల్లీలీటరుకు, లీటరు నీళ్లలో ఒక మిల్లీగ్రాము ప్రాణవాయువు.

"ఆరు!" అని కిటికీలోంచి కేకేసింది.

"బతికించావు తల్లీ! కాఫీ పెట్టు," అన్నాడు ఐలర్ట్.

కాఫీ తాగి కప్పులు కడుగుతూ, ఆమె థయోసల్ఫేట్ సీసా చూసి ఆగిపోయింది. అడుగున తెల్లటి మడ్డి.

"వారం వారం చూడాల్సింది, ఈ సోమవారం దీని బలం సరిచూడలేదే," అంది.

ఎలా చూస్తాం? ఆ రోజు ఫాస్టెలావ్న్ పండుగ. క్రీము బన్నులు తినాలని అందరం పెందలాడే ఇళ్లకు పోయాం.

"ఒక్క వారానికి కొంపలేం మునగవులే, పిరికిదానా," అన్నాను.

ఆమె వినలేదు. బలం కచ్చితంగా తెలిసిన అయోడేట్ ద్రావణం తీసుకుని పరీక్ష పెట్టింది. మందు బాగుంటే థయోసల్ఫేట్ పది మిల్లీలీటర్లు పట్టాలి. పది దాటింది, నీలం పోలేదు. పన్నెండు. పదిహేను దగ్గర పోయింది.

మందు చచ్చుబడింది. చచ్చుబడ్డ మందు ఎక్కువ పడుతుంది, దాంతో నీళ్లలో గాలి ఎక్కువున్నట్టు కనిపిస్తుంది. ఆమె ఆరును పదితో హెచ్చించి పదిహేనుతో భాగించింది. మళ్లీ చేసింది. నాలుగే.

"నువ్వు వెళ్లి చెప్పవా?" అంది నాతో. నేను ఖాళీ సీసాలు కడగడం మొదలుపెట్టాను. ఆమే కోటైనా లేకుండా పరిగెత్తింది.

తొట్లలో పిల్లలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. మూల తొట్టిలో కొన్ని అప్పటికే వెల్లకిలా తేలాయి.

"పంపు వెయ్యి, ఐలర్ట్! నాలుగు!"

అతను పంపు తిప్పాడు. అది అందుకుంది. అప్పుడు ఆమె వైపు తిరిగి అడిగాడు.

"ఇందాక ఆరన్నావుగా. ఇంతలోనే పడిపోయిందా?"

గున్వోర్ తేలిన పిల్లల్నే చూస్తోంది.

"పడిపోలేదు," అంది. "ఇందాక కూడా నాలుగే."