మూడో మిస్డ్ కాల్

ఫోన్ మోగే తీరును బట్టి అవతలి మనిషి ఆకలితో ఉన్నాడో, కోపంతో ఉన్నాడో చెప్పగలిగేవాడిని. ఎల్లారెడ్డి దిక్కు సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్‌గా ఉన్న రోజుల్లో ఈ మాట అంటే కాదన్నవాడు లేడు. అన్నది నేను, విన్నది నా చాయ్ తాగేవాళ్లు.

తెలంగాణ ఇంకా రాలేదు. సెల్‌ఫోన్లు అందరికీ వచ్చాయి గానీ వాటిలో బ్యాలెన్స్ ఉండేది కాదు. అందుకని గాంధారి వైపు తండాల్లో తిరిగే మా లైన్‌మన్‌కూ నాకూ మధ్య ఒక ఏర్పాటు. అతను ఒక మిస్డ్ కాల్ ఇస్తే లైను బంద్ చేయాలి. బంద్ చేసి నేనూ ఒకటి ఇస్తే అతను స్తంభం ఎక్కుతాడు. పని ముగించి దిగాక రెండు ఇస్తాడు, నేను కరెంటు వదులుతాను. కామారెడ్డి మీటింగులో మా సారు, నోటితో మాట్లాడండయ్యా, చెప్పింది మళ్లీ చెప్పించుకోండి అని ప్రతి నెలా మొత్తుకునేవాడు. ఒకసారి నేను లేచి, మొగుడూ పెండ్లాలే సైగలతో సంసారం చేస్తారు కదా సార్ అన్నాను. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవిలోంచి పోలేదు.

ఆ వానాకాలం ఒక సాయంత్రం గాలిదుమారం లేచింది. చుక్క మాత్రం పడలేదు. లైన్‌మన్ దగ్గరనుంచి ఒక మిస్డ్ కాల్ వచ్చింది. బంద్ చేసి నేనూ ఒకటి ఇచ్చాను. కాసేపటికి రెండు వచ్చాయి.

ఇక్కడినుంచి నేను ఎలా చెప్పేవాడినంటే, కరెంటు వదిలే బ్రేకర్ మీద చెయ్యి వేయగానే ఒళ్లు జలదరించింది, మోతలో తేడా పట్టేశాను, ఇది మావాడి వేలు కాదని గుర్తుపట్టాను. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు నోళ్లు తెరుచుకుని వినేవారు.

నిజానికి నా చేతిలో చాయ్ గ్లాసు ఉంది. చెయ్యి కాలుతోంది. తాగి లేద్దాంలే అని ఊదుకుంటూ కూర్చున్నాను. అంతలో మూడోది వచ్చింది.

మా ఏర్పాటులో మూడుకు అర్థం లేదు. అర్థం లేదు గనుకే, తిట్టడానికి ఫోన్ చేశాను. ఎత్తింది ఎవరో ముసలి రైతు.

"కరెంటు ఎప్పుడిస్తవ్ సారు? నాటు ఎండుతున్నది."

లైన్‌మన్ ఏడి అని అడిగాను.

"పైన ఉన్నడు."

"పైన అంటే యాడ?"

"ఖంబం మీద సారు. నా మోటరు లైను వేరే గదా."

వేరే కాదు. అదే లైను. మావాడు చొక్కా విప్పి బండికి తగిలించి ఎక్కాడు, ఫోన్ చొక్కా జేబులోనే ఉండిపోయింది. రెండుసార్లు మోగిస్తే కరెంటు వస్తుందని తండా అంతటికీ తెలుసు. రోజూ చూసేవాళ్లే కదా. నాకు లైన్‌మన్ నంబరు కనిపించింది, లైన్‌మనే అనుకున్నాను.

ఫోన్ పెట్టెయ్యకు, అతన్ని దిగి మాట్లాడమను అన్నాను. అతను దిగే దాకా గాలి చప్పుడు వింటూ కూర్చున్నాను. చివరికి గొంతు వచ్చింది.

"ఏందన్నా, పని కాకముందే దించినవ్?"

చేతిలోని గ్లాసు అప్పుడు కింద పెట్టాను.

మర్నాటినుంచి మిస్డ్ కాల్స్ మానేశాం. పేరు, చోటు, 'నేనే దిగిన' అన్న మాట అతను నోటితో చెప్పాలి. నేను తిరిగి అనాలి. బ్యాలెన్స్ ఎక్కడినుంచి వచ్చిందో మరి, వచ్చింది.

నా రిటైర్మెంటు సభలో అతను మైకు పట్టుకుని, అన్న మోత విని నా పానం నిలబెట్టిండు అన్నాడు. చప్పట్లు మోగాయి. బయటికొచ్చాక, పక్కకు పిలిచి చాయ్ సంగతి చెప్పాను. అతను చాలాసేపు తన అరచేతులు చూసుకున్నాడు.

"చాయ్ చల్లగుంటే?"

"తాగి లేచేటోణ్ణి."

ఇప్పుడు నేను కామారెడ్డిలో ఉంటున్నాను, నాకు ఏ లైనుతోనూ పని లేదు. అయినా రోజూ పొద్దుగూకే వేళ అతను ఫోన్ చేస్తాడు. "నేనే దిగిన అన్నా" అంటాడు. దిగినవు అంటాను. అంతే మాట.

అతని ఫోన్ ఆలస్యమైన రోజు, నా గ్లాసులో చాయ్ మీగడ కడుతుంది.