పొయ్యి మూలకు తిప్పిన డిష్

నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. ఆ కోపంతోనే డిష్ కొన్నాను, ఆ కోపంతోనే వేపచెట్టు కొట్టాను.

తొంభైల్లో ఒక ఎండాకాలం. గోదావరి పక్కన బొగ్గుబావుల ఊళ్లో కంపెనీ క్వార్టర్లో ఉండేవాళ్లం. బావిలో దిగి దిగి బాపుకు, మా నాయనకు, దమ్ము పట్టింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఇక పని చేయలేడని డాక్టర్లు రాసిచ్చాక ఆయన నౌకరీ నాకిచ్చారు. కరెంటు సెక్షన్లో పని. బాపు ఊపిరి చెడితేనే నాకు జీతం వచ్చిందన్న మాట ఇంట్లో ఎవరూ అనలేదు. నాకు మాత్రం రోజూ గుర్తొచ్చేది.

మా క్వార్టర్‌కు పైన రేకులు. పొద్దున పది దాటితే లోపల ఉడికిపోవాల్సిందే. అందుకని బాపు పగలంతా వాకిట్లో వేపచెట్టు కింద మంచమేసుకుని పడుకునేవాడు. ఆ క్వార్టర్లోకి వచ్చిన ఏడు ఆయనే నాటిన చెట్టు. నీడ జరిగినకొద్దీ అవ్వ, అంటే మా అమ్మ, మంచం జరిపేది. బాపు కళ్లు మూసుకునే అడిగేవాడు, "నీడ ఏడికొచ్చిందే?" అని. అవ్వ చెప్పేది.

సాయంత్రం మాత్రం గోడ పట్టుకుని పక్క క్వార్టర్ల లైన్లో కేబులున్న ఒకరింటికి తెలుగు వార్తలు చూడ్డానికి పోయేవాడు. మా పాత టీవీకి మామూలు యాంటెన్నా మీద వచ్చేది హిందీయే, అదీ వానలో చూసినట్టు. ఒకరోజు ఆ ఇంటాయన తలుపు దగ్గరికేస్తూ, "నీ దగ్గుకు వార్తలు ఇనవడ్తలేవు పెద్దమనిషీ" అన్నాడట. బాపు నాకు చెప్పలేదు. అవ్వ చెప్పింది.

ఇంకేముంది, నాకు తిక్క లేచింది. "వాని గడప తొక్కకు బాపూ! మనింట్లనే డిష్ పెడ్త. ఒక్కసారి పెడితే అయిపాయె, ఎవ్వనికి నెలనెల కట్టేది లేదు" అన్నాను. వారం తిరక్కుండా పాత జాలీ డిష్ ఒకటి, రిసీవర్ ఒకటి తెచ్చాను. వాకిట్లో గుంత తవ్వి ఇనుప పైపు నిలబెట్టి సిమెంటు పోశాను. అవ్వ చూసి, "గీ జల్లెడల ఏం పడ్తదిరా?" అని నవ్వింది.

సర్వే సెక్షన్లో నా దోస్తు ఒకడుండేవాడు. వాడి దగ్గర దిక్సూచి అడిగి తెచ్చాను. "ఇనుము కాడ పెట్టకు, ముల్లు తప్పు చూపిస్తది" అని వాడు చెప్పనే చెప్పాడు. విన్నానా? తెచ్చి సరాసరి ఆ ఇనుప పైపు పక్కనే పట్టుకుని చూశాను. ముల్లు తిరిగి తిరిగి ఆగింది. డిష్ అమ్మినవాడు చెప్పిన లెక్క ప్రకారం అది చూడాల్సిన దిక్కులో సరిగ్గా వేపచెట్టు ఉంది.

"ఏ దిక్కు పెడుతున్నవురా?" అని అవ్వ అడిగింది.

"నీకేం తెలుస్తదవ్వా! నూట నలభై డిగ్రీలు" అన్నాను.

అవ్వ బాపు మంచం నీడకు జరపడానికి పోయింది.

మొదటి రోజు కొమ్మలే కొట్టాను. టీవీలో చీమలు పారినట్టు తెల్లచుక్కలు తప్ప ఏమీ రాలేదు. మొద్దే అడ్డమొస్తుందని తేల్చేశాను. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు! అవ్వ అడ్డమొచ్చింది. "పచ్చని చెట్టురా. మీ బాపుకు దమ్ము ఆడేది దీని కిందనే. ఎండలు పోనీ, జర ఆగు" అంది. నేను అలిగి అన్నం మానేశాను, ముప్పై ఏళ్లవాణ్ణి!

చివరికి బాపే అన్నాడు. "కొట్టనియ్యే. పోరడు నా కోసమే గద పరేషానైతున్నడు."

గొడ్డలితో నేనే కొట్టాను. బాపు గడపలో కూర్చుని చూశాడు.

చెట్టు పడింది. బొమ్మ రాలేదు. రెండు రోజులు డిష్‌ను వెంట్రుకవాసి పైకీ కిందికీ కదిపాను, రిసీవర్ తిప్పాను, వైర్లు మార్చాను. బాపు లోపల రేకుల కింద తడిగుడ్డ ఛాతీ మీద వేసుకుని పడుకునేవాడు. ఆయన ఊపిరి చప్పుడు వాకిట్లోకి వినిపించేది.

మూడోనాడు తెల్లారి అవ్వ జొన్నరొట్టెలు చేస్తోంది. నేను పానా విసిరికొట్టి గడపలో కూలబడ్డాను.

"గా నూట నలభై అంటే ఏ దిక్కురా?" అని మళ్లీ అడిగింది.

"ఆగ్నేయం" అన్నాను విసుగ్గా.

అవ్వ చేతిలో రొట్టె ఆగిపోయింది. "ఆగ్నేయమా? ఆగ్నేయమంటే నా పొయ్యి మూల గదరా కొడుకా! నువ్వు పెట్టింది తూర్పుకు. రోజూ చెట్టెన్కకెల్లే గద పొద్దు పొడిచేది!"

బయటికొచ్చి చూశాను. చెట్టు మొద్దు వెనకాల, లైన్ల మీదుగా సూర్యుడు లేస్తున్నాడు. ఇన్నేళ్లుగా ఆ కొమ్మల్లోంచే లేచాడు. అవ్వ పొయ్యి మూలకు చూస్తే వంటింటి రేకుల మీద ఉత్త ఆకాశం, ఒక్క ఆకు అడ్డం లేదు. నా చేతులు నరుక్కోవాలనిపించింది. నూట నలభై అనకుండా ఆగ్నేయం అని ఆరోజే చెప్పి ఉంటే అవ్వ ఆరోజే చెప్పేది.

డిష్‌ను పొయ్యి మూలకు తిప్పాను. పూట తిరక్కముందే బొమ్మ వచ్చింది, తెలుగు మాట ఖంగున వినిపించింది. బాపును తెచ్చి ముందు కూర్చోబెట్టాను. "మంచిగున్నది బిడ్డా" అని నవ్వాడు. పది నిమిషాలైందో లేదో ఒళ్లంతా చెమట, రొమ్ము ఎగిరెగిరి పడుతోంది.

"దమ్ము ఆడ్తలేదు. బయటెయ్యుండ్రి" అన్నాడు.

మంచం బయటికి తెచ్చాం. బాపు గుమ్మం పట్టుకుని నిలబడి, కళ్లు మూసుకుని, అలవాటుగా అడిగాడు. "నీడ ఏడికొచ్చిందే?"

అవ్వ నా వైపు చూసింది. పుట్టిన్నుంచి ఆమె తిట్లు తింటున్నాను గానీ ఆ చూపు తట్టుకోలేకపోయాను.

వాకిలి మొత్తానికి ఉన్న నీడ డిష్ కిందిదే. అదీ జాలీ, అంతా చిల్లులే. ఇంట్లో ఉన్న గోనెసంచులన్నీ తడిపి దాని మీద కప్పాను. మంచం కిందికి జరిపి బాపును పడుకోబెట్టాను. కాసేపటికి ఊపిరి కుదుటపడింది.

"ఇప్పుడేం వస్తుంది టీవీల?" అన్నాడు.

లోపలికి పోయి చూశాను. తడి గోనెలు కప్పితే ఏమొస్తుందో నాకు తెలుసు. తెరనిండా చీమలే.

"పాత సినిమా వస్తుంది బాపూ."

"సప్పుడు ఇనవడ్తలేదు?"

"తగ్గించిన."

"పో, చూసుకో పో. ఎంత కష్టపడ్డవో" అన్నాడు.

పోయి ఆ చీమల ముందు కూర్చున్నాను. బాపుకు నిద్రపట్టేదాకా లేవలేదు.