ఓటి పడవ ఎక్కని బ్యాంకు

పెనుమూడి రేవు ఎలా ఉంటుందని మిత్రులు అడుగుతున్నారు. ఇప్పుడక్కడ వంతెన ఉంది. కృష్ణ దాటేవారికి రేవుతో పని లేదు. పని ఉన్న రోజుల్లో, డెబ్బైల చివర, నేను చేసిన ప్రయాణం ఒకటి చెబుతాను. అప్పుడు నేను తెనాలిలో ఉపాధ్యాయుణ్ణి. బాపట్లలో నాతోపాటు ట్రైనింగు చేసిన దేవసహాయం ఏటి నడుమ ఒక చిన్న లంకలో పాఠాలు చెప్పేవాడు. ఆ లంకకు ఉన్నది ఒకటే పడవ, అదీ ఓటిది. కొత్త పడవ కోసం సరంగు ఏసోబు గ్రామీణ బ్యాంకును అప్పు అడిగాడు. తనిఖీకి అధికారి వస్తున్నాడనీ, నాలుగు మాటలు చెప్పడానికి నన్నూ రమ్మనీ దేవసహాయం కబురు పంపాడు. వరద పెరిగేలోగా పడవ రాకపోతే, నొప్పులు వచ్చిన ఆడమనిషిని రేపల్లె ఆసుపత్రికి చేర్చే దారే ఉండదు.

శ్రావణమాసం. తెల్లవారుజామున తెనాలిలో ప్యాసింజరు ఎక్కాను. టిక్కెట్టు రెండు రూపాయల లోపే. రేపల్లె స్టేషను ఎదుట ఇడ్లీ తిని, బస్సులో తొమ్మిదింటికల్లా రేవుకు చేరాను. అధికారి అప్పటికే గట్టు మీద గొడుగు పట్టుకొని నిలబడి ఉన్నాడు. ఏసోబు భార్య మార్తమ్మ పడవలో కూర్చొని డబ్బాతో నీళ్లు తోడిపోస్తోంది.

“ఇందులో నేనెక్కనండి. మునిగితే ఎవరిది బాధ్యత?” అన్నాడు అధికారి.

“మునిగేట్టుందనేగా సార్, కొత్తది అడిగింది!” అన్నాడు ఏసోబు.

“లంకకొచ్చి, పడవ అవసరమో కాదో చూసి రాయాలయ్యా. ఎండాకాలం వస్తాలే, ఏరు తగ్గాక.”

మార్తమ్మ తలెత్తింది. “పోయినేడు అట్టాగే ఇసకలో నడిచొచ్చారు కదండి. నడిచెళ్లే ఊరికి పడవెందుకని రాసిపోయారు. ఏరున్నప్పుడు మీరు రారు, మీరొచ్చినప్పుడు ఏరుండదు!”

నేను ఊరుకోలేకపోయాను. “మీరు భయపడి ఎక్కనన్నారే, అదే తనిఖీ. ఆ ఒక్క వాక్యం రాయండి” అన్నాను.

“అట్లా రాయడానికి ఫారంలో గడి లేదండి మాస్టారూ.”

“మా ఆడోళ్లు చేపల డబ్బులు మీ బ్యాంకులో దాచుకోడానికి నెలనెలా ఇదే పడవలో వస్తన్నాం బాబూ” అంది మార్తమ్మ. “ఓటి పడవలో ఎందుకొచ్చారని ఒక్కనాడూ అడగలేదేంటి?”

ఆయన గడియారం చూసుకొని, బస్సు వేళయిందని వెళ్లిపోయాడు.

ఆ పడవలోనే నేను లంకకు వెళ్లాను. కోపమంతా చేతుల్లోకి వచ్చి, దారి పొడవునా నేనే నీళ్లు తోడాను. మధ్యాహ్నం దేవసహాయం ఇంట్లో చేపల పులుసన్నం పెట్టారు గాని రుచి తెలియలేదు. సాయంత్రం ప్రార్థన ముగిశాక, చర్చి మెట్ల మీదే ఆడవాళ్లు ఒక మాట అనుకున్నారు. మరుసటి వారం అందరూ అదే ఓటి పడవలో రేపల్లె వెళ్లి, దాచుకున్నదంతా వెనక్కి తీసుకున్నారు. ఆ డబ్బుతోనే, వరద పెరగకముందే కొత్త పడవ నీళ్లలోకి దిగింది.

పల్లెవాడి గడప దాకా రావడానికే గ్రామీణ బ్యాంకులు పుట్టాయని నేను ఎన్నో ప్రసంగాలు విన్నాను. గడపకు ముందు ఏరు ఉండవచ్చునని ఏ వక్తకూ తోచలేదు. లంకవారి సొమ్ము దాచుకోవడానికి ఒక వేలిముద్ర చాలింది. అదే లంకకు అప్పివ్వాలంటే మాత్రం కృష్ణ ఎండిపోవాలి! ఆ మంట నాకు నేటికీ చల్లారలేదు. కొత్త పడవ వచ్చిన కొన్నాళ్లకు అదే అధికారి, ఖాతాలు మళ్లీ తెరవమని అడగడానికి రేవుకు వచ్చాడట. మార్తమ్మ ఆయన్ను మర్యాదగా ఎక్కించుకొని, “లంకోళ్లకి ఊరికేనండి, పైవాళ్లకి పావలా” అని వసూలు చేసి మరీ దించిందట.

లంకలకు వెళ్లదలచిన వారికి ఒక్క సలహా. పడవ ఎక్కగానే కాళ్ల దగ్గర చూడండి. డబ్బా కనిపిస్తే అందుకొని నీళ్లు తోడండి. గట్టు మీద గొడుగు పట్టుకొని మాత్రం నిలబడకండి.