ఫాదర్ లేచిన కుర్చీ

గెనొవెఫా పితెల్‌కి, అంటే మా గెన్యాకి, నలభై ఒకటో ఏడు వచ్చినా పెళ్ళి కాలేదంటే అందం చాలక కాదు, ఆస్తి చాలక కాదు, కుర్చీ అందక. క్రిస్మస్ వెళ్ళాక మా జవోయె ఊళ్ళో ఫాదర్‌గారు ఇంటింటికీ వచ్చి దీవిస్తారు. ఆ రాకను కొలెండ అంటాం. ఆయన లేచిన కుర్చీలో ముందుగా ఏ పెళ్ళికాని పిల్ల చతికిలపడితే ఆ ఏడు దానికి పెళ్ళి. ఇంటికి పెద్దది కాబట్టి ఫాదర్‌ను సాగనంపే పని గెన్యాది. ఆమె గుమ్మం నుంచి తిరిగొచ్చేలోపే చెల్లెళ్ళు కుర్చీలో ఉండేవాళ్ళు. అలా ముగ్గురూ అత్తారిళ్ళకి వెళ్ళిపోయారు. మూడోది కూర్చున్న ఊపుకి కుర్చీ కాలు విరిగింది, పెళ్ళి మాత్రం ఆగలేదు. ఆ తర్వాత మేనకోడళ్ళు మొదలుపెట్టారు.

ఆ జనవరిలో ఇంట్లో పోటీకి పిల్లి తప్ప ఎవరూ లేరు. దాన్ని కూడా పశువుల పాకలో పెట్టి తలుపేసింది. పైగా ఫాదర్‌ను మంచు మీద జారే బండిలో తిప్పుతున్నవాడు వాలెంతి స్రోకా. భార్య పోయి మూడేళ్ళు. గెన్యా మనసులో అతను తప్ప మరో మనిషి లేడు.

ఆ ఏడు మంచు ఎంత పడిందంటే, రెండిళ్ళకి ఫాదర్‌గారు పొగగొట్టంలోంచే దీవెన వదిలారు. నమ్మనివాళ్ళు వెళ్ళి ఆ పొగగొట్టాలు చూసుకోవచ్చు.

గెన్యా ఇంటికి మాత్రం గుమ్మంలోంచే వచ్చారు, వెంట క్రాకోవ్ ప్రొఫెసరు తెయోఫిల్ కురెక్‌తో. పల్లెల్లో ఏ మాట ఎలా పలుకుతారో రాసుకోవడం ఆ పెద్దమనిషి ఉద్యోగం. ప్రార్థన అయింది, తలుపు మీద సుద్దతో దీవెన అక్షరాలు రాయడం అయింది. పక్కిల్లు పది అడుగులే కాబట్టి ఫాదర్ లేచి నడిచే వెళ్ళారు. గెన్యా ఆయన్ని సాగనంపి ఉరుకున తిరిగొచ్చింది.

కుర్చీలో ప్రొఫెసరు ఉన్నాడు. ఒళ్ళో పుస్తకం తెరిచి ఉంది.

"లేవండి ప్రొఫెసరుగారూ, దాని కాలు మంచిది కాదు."

"నాకు సుఖంగానే ఉందమ్మా. ఒక్క మాటే అడుగుతా, కొలెండ. అసలిది మనది కాదు, తెలుసా? రోమ్‌లో నెల మొదటి రోజు పేరు. నడుచుకుంటూ ఉత్తరానికొచ్చింది. మనవాళ్ళు స్త్రీలింగం కట్టబెట్టి, మన విభక్తులు తొడిగి, ఇంటిదాన్ని చేసుకున్నారు. బల్గేరియాలో అది క్రిస్మస్సే. ఇక్కడ క్రిస్మస్ పాటా అదే, ఫాదర్ రాకా అదే."

"రోమ్ నుంచి నడిచొచ్చినదానికీ ఓ ఇల్లు దొరికింది," అంది గెన్యా, కుర్చీ వైపే చూస్తూ.

"ఏడు విభక్తులూ మీ నోట వినాలి."

ఆరు చెప్పింది. అతను ఆరుసార్లు పెన్సిలు చెక్కాడు.

"ఇక సంబోధన. దాన్ని పిలవాలంటే?"

"దాన్ని పిలిచేదేంటి, ఏటేటా అదే వస్తుంది. పిలిచినా రానివి వేరే ఉన్నాయి."

"బాగుంది, బాగుంది. ఇప్పుడు బహువచనం."

అప్పుడే వాలెంతి లోపలికొచ్చాడు. మీసాలు మంచు కట్టి ఉన్నాయి.

"ఏం గొడవ గెన్యా? అక్కడ నా గుర్రం బిగుసుకుపోతోంది."

"ఈయన లేవడం లేదు."

"కూర్చోనీ. కుర్చీ అరుగుతుందా?"

"ఆ కుర్చీ నాక్కావాలి వాలెంతీ!"

ఇరవై మూడేళ్ళుగా ఎవరితోనూ అనని మాట అది. ప్రొఫెసరు అదీ రాసుకున్నాడు.

వాలెంతి చెవులు ఎర్రబడ్డాయి. టోపీ తీసి, మంచు దులిపి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఇందులో ఫాదర్ ఎంతసేపు కూర్చున్నారు?"

"పావుగంట."

"నా బండి బల్ల మీద పొద్దుట్నుంచీ కూర్చున్నారు. దిగాక ఇంకెవరూ ఎక్కలేదు. నేనూ గుర్రం పక్కనే నిలబడ్డా. మరి..."

ఆ 'మరి' తర్వాత ఏముందో గెన్యా వినలేదు. శాలువా కూడా లేకుండా పరిగెత్తి బండెక్కింది.

బంగాళదుంపలు తవ్వడం అయ్యాక పెళ్ళి జరిగింది. బండి బల్ల కుర్చీ కింద లెక్కా కాదా అని చెల్లెళ్ళు ఇప్పటికీ వాదిస్తారు. తెయోఫిల్ కురెక్‌కి ఆ ఆగస్టులోనే పెళ్ళయింది, యాభై ఎనిమిదో ఏట. కారణం ఆయన పుస్తకంలో రాయలేదు.