అమ్మమ్మ కాలి నరం

చిన్నతనంలో నేను సముద్రం కంటే ఎక్కువగా చూసింది మా అమ్మమ్మ పిక్కల్ని. భావనపాడులో ఆమె చేపలమ్మేది. పొద్దుటినుంచీ నిలబడి చేసే బేరం. పిక్కల మీద నీలంగా, మెలికలు తిరిగి, చిటికెన వేలంత లావున నరాలు ఉబ్బి ఉండేవి. నొక్కితే మెత్తగా లోపలికి పోయి మళ్ళీ లేచేవి. "ఒసే, ఆటబొమ్మనుకున్నావేటి?" అని కసిరేదే గాని కాలు వెనక్కి తీసుకునేది కాదు.

ఒక ఏడు ఆమె చీలమండ దగ్గర చర్మం నల్లబడి పుండు పడింది. ఎన్ని పసర్లు పూసినా మానలేదు. చివరికి మా అమ్మ ఆమెను పట్నంలో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తూ నన్నూ వెంటబెట్టుకుంది. నరం తీసెయ్యాలని డాక్టరమ్మ అనగానే అమ్మమ్మ బల్ల మీంచి దిగిపోయింది.

"నరం తీసేస్తే కాలు సచ్చిపోదేటమ్మా? నానేటి, మూల కూకుని తింతానా?"

డాక్టరమ్మ కోప్పడలేదు. ఆమెను పడుకోబెట్టి కాలు పైకెత్తింది. నరాలు మాయమయ్యాయి! నేను బల్ల ఎక్కినంత పని చేశాను. తొడకు రబ్బరు పట్టీ బిగించి నిలబెడితే నరాలు లేవలేదు. "ఇప్పుడు చూడు పాపా" అంటూ పట్టీ వదిలింది. పైనుంచి కిందికి గబగబా నిండిపోయాయి.

కాళ్ళలోని రక్తం గుండెకు ఎక్కాలనీ, వెనక్కి జారకుండా నరాల లోపల చిన్న చిన్న తలుపులుంటాయనీ, అమ్మమ్మకు అవి సరిగా మూసుకోవడం లేదనీ చెప్పింది. లోతున ఉన్న పెద్ద నరాలు బాగానే ఉన్నాయట. పైనున్న పాడు నరం తీసేసినా రక్తం ఆ లోపలి దారిన పోతుందట. అమ్మమ్మ వంగి ఆ నరాన్ని వేలితో నొక్కి చూసుకుంది.

"అయితే ఇది పని సెయ్యకుండా కూకున్నాదన్నమాట. తీసెయ్యమ్మా" అంది.

ఆపరేషన్ అయింది. పాదం నుంచి మోకాలి దాకా బిగుతుగా కట్టు కట్టించుకుని, ఖాళీ దొరికినప్పుడల్లా కాళ్ళు ఎత్తు మీద పెట్టుకునేది. పుండు నెమ్మదిగా మానింది. ఆ తర్వాత కాళ్ళు లాగుతున్నాయన్న ప్రతి ఆడమనిషినీ చేపల తట్ట పక్కన కూర్చోబెట్టి తలుపుల సంగతి చెప్పేది.

నేను పంతులమ్మనై ఏళ్ళ తరబడి బోర్డు ముందు నిలబడ్డాను. ఈ మధ్య నా పిక్కల మీదా అవే నరాలు లేచాయి. నాకు పెద్ద కోత అక్కర్లేదన్నారు. సన్నని తీగ లోపలికి పంపి, లేజరు వేడితో నరాన్ని మూసేస్తారట. ముందుగా స్కానింగు చేస్తుంటే, నా రక్తం వెనక్కి జారడం తెర మీద రంగుల్లో కనిపించింది. ఆనాడు డాక్టరమ్మ గదిలో నాకు అంటుకున్న కుతూహలం ఇంకా వదల్లేదు. భయంగా ఉందా అని కుర్ర డాక్టరు అడిగాడు.

"లేదు బాబూ, ఆ తెర కాస్త ఇటు తిప్పు. నాకు తలుపు కనబడ్డం లేదు" అన్నాను.